స్టాఫ్ రూమ్‌లో నిశ్శబ్దం పోవడానికి పట్టిన కాలం

2021 జనవరిలో నాకు హెచ్ఎంగా, అంటే హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. అంతకుముందు పందొమ్మిదేళ్లు ప్రకాశం జిల్లా టంగుటూరు వైపు ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్పాను. కొత్త పోస్టింగు కొండపి వైపు ఒక ఊళ్లో. చుట్టూ పొగాకు చేలు, ఊరి చివర ఆ ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, బడి ఆవరణలో రెండు వేపచెట్లు. పద్నాలుగు మంది టీచర్లు, మూడు వందల పైచిలుకు పిల్లలు. జూనియర్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ.

చార్జ్ తీసుకున్న రోజు ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్ వైపు వెళ్లాను. దూరం నుంచే మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి. గుమ్మంలో కాలు పెట్టగానే అన్నీ ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడ్డారు. కూర్చోమని చెప్పినా ఇద్దరు ముగ్గురు నిలబడే ఉన్నారు. మొన్నటిదాకా నేనూ అలాంటి గదిలోనే కూర్చున్నదాన్ని. మా హెచ్ఎం వస్తుంటే మేమూ మాట మార్చేవాళ్లం. అయినా ఆ నిశ్శబ్దం నన్ను చూసి పుట్టిందనేసరికి మనసు చివుక్కుమంది.

సంగతి నాలుగు రోజుల్లో మా అటెండర్ చెప్పాడు. అంతకుముందు హాజరు పట్టీ హెచ్ఎం టేబుల్ మీదే ఉండేదట. టైం దాటగానే పేరు ఎదురుగా ఎర్రసిరాతో గీత. క్లాసులో ఎవరు కూర్చుని ఉన్నారో, ఎవరు ఫోన్ చూస్తున్నారో చూసి రమ్మని అటెండర్‌నే పంపేవారట. "నాకు మాత్రం ఇష్టమా మేడమ్, చెప్పకపోతే నా మీద పడేది" అన్నాడు. స్టాఫ్ రూమ్‌లో అనుకున్న మాట సాయంత్రానికి ఆఫీసు రూమ్‌కి చేరేదట. ఎవరు చేరవేసేవారో నేను అడగలేదు. అది తెలుసుకుంటే ఆ మనిషిని నేను ఇంకెప్పుడూ మామూలుగా చూడలేనని భయం వేసింది.

మూడో రోజు మీటింగ్ పెట్టి ముప్పావు గంట మాట్లాడాను. మనమంతా ఒక కుటుంబం అన్నాను, ఏ ఇబ్బంది ఉన్నా నేరుగా నా దగ్గరికి రండి అన్నాను. అందరూ తలూపారు. తర్వాత రెండు వారాలు సంతకాల కోసం తప్ప ఎవరూ నా గదిలోకి రాలేదు. వాళ్లను తప్పు పట్టలేను. ఇలాంటి మాటలు వాళ్లు ప్రతి కొత్త హెచ్ఎం నోటా వినే ఉంటారు.

ఆ రెండు వారాలు గడిచాక నేను చేసిన పని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఊళ్లో ఒక పెద్దాయన బడికి వచ్చి, "ఏందమ్మా మేడమ్, మీ ఫిజిక్స్ సారు బడి వదలకముందే బండెక్కి పోతా ఉండాడు, అడిగే దిక్కు లేదా?" అన్నాడు. నేను కొత్త. ఊరివాళ్ల ముందు బడి పేరు పోకూడదని పట్టుదల. మర్నాడు స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ ఆయన పేరు పెట్టి అడిగాను. "సార్, మీరు చివరి పీరియడ్ ఉండటం లేదని ఊళ్లో అంటున్నారు, ఏమిటి సంగతి?" అని. ఆయన నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు. ఏమీ అనలేదు. ఆ గదిలో ఇంకెవరూ కూడా ఏమీ అనలేదు. సాయంత్రం నా టేబుల్ మీద మర్నాటికి ఆయన సెలవు చీటీ ఉంది.

బడి వదిలాక తెలుగు మాస్టారు వచ్చారు. మా స్టాఫ్‌లో అందరికంటే పెద్దాయన. కుర్చీలో కూర్చోకుండానే చెప్పారు. "అమ్మా, వాళ్లమ్మగారికి ఒంగోలులో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ మూడు రోజులూ ఆయన పొద్దున ఎనిమిదికే వచ్చి పదో తరగతికి క్లాసు చెప్తాడు. మీకు ముందు ఇన్‌చార్జిగా ఉన్న సారుని అడిగే వెళ్తున్నాడు. మీకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అది ఆయన తప్పే. కానీ మీరు నలుగురిలో అడగకుండా ఉండాల్సింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి సారీ చెబుదామా అనుకున్నాను. మా ఆయన కూడా టీచరే. "నలుగురిలో అడిగావు, ఫోన్‌లో సారీ చెబితే ఆ నలుగురికీ ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాట నిజమనిపించింది. ఆయన సెలవు నుంచి వచ్చాక మళ్లీ మీటింగ్ పెట్టాను. ఎజెండా ఏమీ లేదు. నిలబడే చెప్పాను. "సార్, విషయం కనుక్కోకుండా మిమ్మల్ని అందరి ముందు నిలదీశాను. అది తప్పు. ఊరి పెద్దాయనకు కూడా నేనే వెళ్లి చెప్పాను, మీరు పొద్దున్నే వచ్చి పిల్లలకు క్లాసు చెప్తున్నారని." గొంతు వణికింది. ఆయన "పర్వాలేదు మేడమ్" అన్నారు. అంతే. వాతావరణం ఏమీ మారిపోలేదు. ఆ రోజు కూడా స్టాఫ్ రూమ్‌లో నేను అడుగు పెడితే నిశ్శబ్దమే. కానీ వారం తర్వాత ఆయనే వచ్చి, ఏయే రోజుల్లో ముందు వెళ్లాల్సి వస్తుందో, బదులు ఏయే పీరియడ్లు చెప్తున్నారో కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ బడిలో నాకు ఎవరైనా అడక్కుండా ఇచ్చిన మొదటి కాగితం అది.

తర్వాత బీరువా తెరిచాను. నన్ను అడిగితే మా బడిలో మార్పు మొదలైంది అక్కడే.

హైస్కూల్లో హెచ్ఎం అంటే డీడీఓ కూడా, అంటే స్టాఫ్ జీతాల డబ్బు డ్రా చేసి ఇచ్చే అధికారి. జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, సరెండర్ లీవు, మెడికల్ రీయింబర్స్‌మెంట్, అన్నీ హెచ్ఎం చేతి మీదుగానే ట్రెజరీకి, పై ఆఫీసుకి వెళ్లాలి. ఒక టీచరు సర్వీసంతా ఒక పుస్తకంలో ఉంటుంది, సర్వీస్ రిజిస్టర్. ఎస్ఆర్ అంటాం. చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా ప్రతి ఇంక్రిమెంటు, ప్రతి సెలవు, ప్రతి బదిలీ అందులో ఎక్కాలి. ఏడాదికోసారి సర్వీసు వెరిఫై చేసి సంతకం పెట్టాలి. అది సరిగా లేకపోతే రేపు పెన్షన్ దగ్గర ఇబ్బంది పడేది టీచరే. బీరువాలో ఎస్ఆర్‌లు తీసి చూస్తే కొన్నింటిలో రెండేళ్ల నుంచి, కొన్నింటిలో మూడేళ్ల నుంచి ఒక్క ఎంట్రీ లేదు. హిందీ టీచరుకు పన్నెండేళ్ల సర్వీసుకు ఇచ్చే పై స్కేలు రావాల్సింది, ఫైలే కదల్లేదు. ఇంకొకాయన హాస్పిటల్ బిల్లులు కవర్లో అలాగే ఉన్నాయి.

పందొమ్మిదేళ్లు టీచరుగా ఉన్నా నా ఎస్ఆర్‌లో ఏం రాశారో నేను చూసింది రెండే రెండుసార్లు. అది కూడా బతిమాలితే. అందుకే ఆ పుస్తకాలు చూస్తుంటే అది వాళ్ల పని అనిపించలేదు, నా పనే అనిపించింది.

పాత బడిలోని జూనియర్ అసిస్టెంట్‌ని బతిమాలి ఆదివారాలు పిలిపించుకుని నేర్చుకున్నాను. ఫిబ్రవరి, మార్చి ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఒక్కొక్కరి ఎస్ఆర్ పూర్తయ్యాక ఆ టీచర్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని పేజీ పేజీ చూపించాను. తప్పులుంటే చెప్పమన్నాను. సోషల్ సార్ తన పుస్తకం తిరగేస్తూ మొదటి పేజీలో తన పాతికేళ్లప్పటి ఫోటో దగ్గర ఆగిపోయారు. "ఇది నేనేనా మేడమ్" అన్నారు. ఆ తర్వాత అరగంట తన మొదటి స్కూలు గురించి, కనిగిరి వైపు ఊళ్లో నీళ్లు మోసుకుంటూ ఉన్న రోజుల గురించి మాట్లాడారు. ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. హిందీ టీచరు స్కేలు మంజూరై వచ్చిన రోజు ఆమె ఏమీ అనకుండా టిఫిన్ బాక్స్‌లో గోంగూర పచ్చడి తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది.

ఏప్రిల్‌లో కరోనా రెండో వేవ్‌తో బడులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచింది ఆగస్టు 16న. ఆ నాలుగు నెలల్లో మా స్టాఫ్‌లో ఇద్దరి ఇళ్లలో మనుషులు పోయారు. అందరికీ ఫోన్లు చేశాను, అంతకుమించి చేయగలిగింది లేకపోయింది.

బడి తెరిచాక క్లాసులు చూడటం మొదలుపెట్టాను. హెచ్ఎం క్లాసులు చూసి రికార్డు రాయాలి, అది మా డ్యూటీలో భాగం. నోట్‌బుక్ పట్టుకుని వెనక బెంచీలో కూర్చునేదాన్ని. సోషల్ సార్ గొంతు సగానికి పడిపోయింది. పిల్లలు పాఠం వదిలేసి నా వైపే చూశారు. ఇంగ్లిష్ టీచరైతే ఆ పీరియడ్ కోసం ముందురోజే పిల్లలకు జవాబులు నేర్పించి పెట్టింది. నేను చూస్తున్నది పాఠం కాదని అర్థమైంది. అందరికీ టెన్షన్ పెట్టి నేను రికార్డు నింపుకుంటున్నానంతే.

అందుకని తిప్పి చేశాను. ముందు నా క్లాసు చూడండి, తప్పులు చెప్పండి అన్నాను. ఎనిమిదో తరగతికి కణం పాఠం. మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గర ఉల్లిపాయ తెచ్చి, పొర తీసి, సాఫ్రనిన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ముగ్గురు టీచర్లు వెనక కూర్చున్నారు. బడికి ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు. లైన్లో సగం మంది చూసేసరికి స్లైడ్ ఎండిపోయింది. వెనక పిల్లలు అల్లరి మొదలుపెట్టారు. రెండో స్లైడ్ చేసేలోపు గంట కొట్టారు. బయటికొచ్చాక లెక్కల మేడమ్ చాలాసేపు ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది. "చెప్పండి, ఫర్వాలేదు" అన్నాను. "మేడమ్, మీరు వెనక రెండు బెంచీల వాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అంది. నిజమే. పందొమ్మిదేళ్లలో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే నా క్లాసు ఎవరూ చూడలేదు. తర్వాతి సోమవారం ఆమే నన్ను తన క్లాసుకి పిలిచింది. ఆ ఏడాది డిసెంబరుకల్లా తొమ్మిది మంది ఒకరి క్లాసులు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. మిగిలిన ఐదుగురు ఇష్టపడలేదు, నేను బలవంతం చేయలేదు.

ఆ మధ్యలోనే మైనంపాడు డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, హెచ్ఎంల శిక్షణకు వెళ్లాను. అక్కడ ఒక సార్ షికాగోలో జరిగిన పరిశోధన గురించి చెప్పారు. ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు 1990లలో అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఏళ్ల తరబడి గమనించారట. హెచ్ఎం, టీచర్లు, తల్లిదండ్రుల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లో చదవడం, లెక్కలు మెరుగుపడే అవకాశం రెండింట ఒకటి. నమ్మకం బాగా తక్కువున్న చోట ఏడింట ఒకటి. ఎదుటి మనిషి మనల్ని నాలుగు విషయాల్లో గమనిస్తూ ఉంటాడని వాళ్లు తేల్చారు. మర్యాద ఇస్తున్నామా, మనిషిగా పట్టించుకుంటున్నామా, మన పని మనకు వచ్చా, మాట మీద నిలబడతామా అని. అది వింటూ నేను మా బడి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఫిజిక్స్ సార్ విషయంలో నేను పోగొట్టింది మొదటిది. ఎస్ఆర్‌లతో సంపాదించుకున్నది మూడోది. నాలుగోది ఇంకా రుజువు కాలేదు. అది రుజువయ్యే రోజు 2022 జూన్‌లో వచ్చింది.

ఆ ఏడాది పది పరీక్షలు రాసిన పిల్లలు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి రెండూ కరోనా వల్ల వార్షిక పరీక్షలు రాయకుండానే దాటారు. పైగా మా వైపు జనవరి నుంచి మార్చి దాకా బ్యారన్లు కాలుతుంటాయి. పెద్ద పిల్లలు ఆకు గుచ్చడానికి, కట్టెలు వేయడానికి పోతారు. టీచర్లు సాయంత్రాలు బ్యారన్ల దగ్గరికే వెళ్లి పిల్లల్ని పిలుచుకొచ్చారు. అయినా లెక్కల్లో ఎక్కువ మంది తప్పారు. ఆ ఏడాది రాష్ట్రంలో పది పాసైంది 67.26 శాతం. ప్రకాశం జిల్లా 78.3 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానం. మా బడి మాత్రం జిల్లా సగటు కంటే బాగా కింద. జిల్లా మొదటిది వచ్చినందుకు అందరూ సంబరంగా ఉన్న సమయంలో తక్కువ వచ్చిన బడుల హెచ్ఎంలు సమీక్షకు వెళ్లాల్సి వచ్చింది.

అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ సబ్జెక్టులో పోయారు, ఆ టీచరు పేరేమిటి?" అని. పేరు చెబితే ఆ టీచరుకు మెమో వెళ్తుంది, నా బాధ్యత అక్కడితో తీరిపోతుంది. నేను లేచి, "టైంటేబుల్ నాది, రివిజన్ ప్లాన్ నాది, సంజాయిషీ నా పేరు మీద రాసి ఇస్తాను" అన్నాను. నాలుగు మాటలు పడ్డాను. రాసి ఇచ్చి వచ్చాను. బడిలో ఎవరికీ చెప్పలేదు. మా పక్క ఊరి హెచ్ఎం ద్వారా ఆ సంగతి రెండు రోజుల్లో స్టాఫ్ రూమ్‌కి చేరిందట.

లెక్కల మేడమ్ వచ్చి థాంక్స్ చెప్పలేదు. తప్పిన పిల్లల పేర్లు, ఎవరికి ఏ చాప్టర్ రాదు అన్నది, సప్లిమెంటరీ దాకా రోజువారీ క్లాసుల పట్టిక రాసి తెచ్చింది. "వేసవి సెలవుల్లో నేను రోజూ వస్తాను మేడమ్. తెలుగు మాస్టారు, ఫిజిక్స్ సార్ కూడా వస్తామన్నారు" అంది. జూన్ ఎండల్లో వేపచెట్టు కింద ఆ క్లాసులు జరిగాయి. తప్పినవాళ్లలో ఎక్కువ మంది సప్లిమెంటరీలో గట్టెక్కారు. నలుగురు రాలేదు, వాళ్లలో ఇద్దరు అప్పటికే బెంగళూరు పనికి పోయారు. ఆ నలుగురి పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆగస్టులో ముఖ హాజరు యాప్ వచ్చింది. తొమ్మిది గంటలకల్లా బడిలో ఉండి ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. మా స్టాఫ్‌లో ముగ్గురు కావలి నుంచి రైల్లో సింగరాయకొండ వచ్చి, అక్కడి నుంచి ఆటోలో వచ్చేవాళ్లు. రైలు ఆలస్యమైతే వాళ్ల చేతిలో ఏముంది? మా బడిలో సిగ్నల్ వచ్చేది గేటు దగ్గర వేపచెట్టు కింద మాత్రమే. అందరూ నా వైపే చూశారు, నేనేదో చేస్తానని. ఉన్నమాట చెప్పాను. "ఈ రూల్ మార్చడం నా చేతిలో లేదు. మీ సంఘాలు మాట్లాడుతున్నాయి, మాట్లాడనివ్వండి. నా చేతిలో ఉన్నది నేను చేస్తాను." నెట్‌వర్క్ వల్ల హాజరు పడని రోజున ఆ మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి పైకి పంపేదాన్ని. రైలు మీద వచ్చేవాళ్లకు ప్రేయర్ డ్యూటీ తీసేశాను. రోజూ ఎనిమిదిన్నరకల్లా వచ్చి ఆ చెట్టు కింద మొదట నా ఫోటోనే తీసుకునేదాన్ని.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఒకాయనతో నాకు కుదరలేదు. కారణం లేకుండా పీరియడ్లు ఎగ్గొట్టేవాడు. రెండుసార్లు గదిలో తలుపేసి ఒంటరిగా మాట్లాడాను. ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉందా అని అడిగాను. లేదన్నాడు. మూడోసారి మెమో ఇచ్చాను. అది రాస్తుంటే నా చెయ్యి ఆడలేదు. కానీ ఆయన పీరియడ్లు మోస్తున్నది మిగిలినవాళ్లు. వాళ్ల కష్టం నేను చూడనట్టు ఊరుకుంటే వాళ్లకు నా మీద నమ్మకం ఎందుకుంటుంది? ఆయన తర్వాత బదిలీ మీద వెళ్లిపోయాడు. ఒంగోలు బస్టాండులో ఎదురుపడినా పలకరించడు. నాకు అది బాధగానే ఉంది.

కిందటి సంవత్సరం ఫార్మేటివ్ పరీక్షల (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్న రోజులు. గడువు ఆఖరి రోజు సాయంత్రం ఇంగ్లిష్ టీచరు నా గదిలోకి వచ్చింది. తలుపు కొట్టలేదు, నేరుగా వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఒకప్పుడు నేను క్లాసు చూస్తానని తెలిసి పిల్లలకు జవాబులు నేర్పించి పెట్టిన మనిషి.

"మేడమ్, ఏడో తరగతి ఏ సెక్షన్ మార్కులు బీ సెక్షన్ పిల్లలకు ఎక్కించేశాను. ఇప్పుడే చూసుకున్నాను. ఇంకా ఎవరికీ తెలియదు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కంగారు ఉంది గానీ భయం లేదు.

"బీ సెక్షన్ జవాబు పత్రాలు ఉన్నాయా?"

"బీరువాలో ఉన్నాయి."

"తీసుకురండి, మీరు చదవండి, నేను ఎక్కిస్తాను" అన్నాను. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. తెలుగు మాస్టారు స్టాఫ్ రూమ్ నుంచి సంగతేమిటని వచ్చి, విని, ఏ సెక్షన్ కట్ట తీసుకుని పక్కన కూర్చున్నారు. పని ముగిసేసరికి ఏడున్నర దాటింది. ఆమె ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. మా ఆయనకు ఫోన్ చేసి కారు తెమ్మన్నాను. ఆమెను ఇంటి దగ్గర దింపి వెళ్లాం.